చిల్లు లేని డబ్బాలో తులసి

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది, మాఘమాసం. ఉదయాన్నే తలస్నానం చేసి, చెంబుతో నీళ్లు పట్టుకొని మేడ మీదికి వచ్చిన కాంతమ్మకు తులసి మొక్క తల వాల్చి కనిపించింది. మొదలు దగ్గర కాండం నల్లబడింది. వేలు తగలగానే ఆకులు రాలాయి.

ఆర్మూరులో వాళ్లకు కింద పసుపు కొట్టు, పైన కాపురం. తులసికోట కట్టే పెరడు లేనందున నూనె డబ్బాలో రేగడి మట్టి నింపి తులసిని పెంచుకుంటున్నారు. ఆ డబ్బాకు అడుగున చిల్లు పెట్టనివ్వలేదు కాంతమ్మ. పెడితే నీళ్లు కింద హమాలీలు బస్తాలు మోసే దారిలో పడతాయి. తులసమ్మ తీర్థాన్ని జనం కాళ్లతో తొక్కితే పాపమని ఆమె వాదన.

అంతకుముందే రెండు మొక్కలు చచ్చాయి. రెండోది చావడానికి వారం ముందు కోడలు వసుమతి దాని పూతవెన్నులు గిల్లడం కాంతమ్మ కళ్లారా చూసింది. వెన్నులు తుంచితే చెట్టు గుబురుగా పెరుగుతుందని వసుమతి ఎంత చెప్పినా వినలేదు. అదే నెలలో వసుమతికి కడుపు పోయింది. కాంతమ్మ ఆ రెంటినీ ఒకే దారంతో ముడివేసింది. "చెట్టు నిలుస్తలేదు, కడుపు నిలుస్తలేదు. నీ చెయ్యే మంచిది కాదు," అని నలుగురిలో అనేసింది. దసరా వెళ్లిన మరునాడు వసుమతి ధర్పల్లిలోని పుట్టింటికి వెళ్లిపోయింది.

ఈ మూడో మొక్కను కాంతమ్మ తప్ప మరొకరు తాకలేదు.

"ఇప్పుడెవరి చెయ్యంటవమ్మా?" వెనక నుంచి కొడుకు ముకుంద్ అడిగాడు.

"వాడిపోతున్నదని రెండు పూటల నీళ్లు పోసిన గదరా!"

"పోసినవ్. వసుమతిని నువ్వు నలుగురిల అంటుంటె నేను గూడ నోర్మూసుకొని సూసిన. ఇద్దరం కలిసే ఆమెను ఎల్లగొట్టినం."

అతను డబ్బాను బోర్లించాడు. నల్లటి నీళ్లు కుళ్లువాసనతో పారాయి. వేళ్లు మెత్తగా ఊడివచ్చాయి. దాహంతో వాడిన మొక్క, నీట మునిగి వాడిన మొక్క పైకి ఒకేలా ఉంటాయని కాంతమ్మకు అప్పుడు తెలిసింది. వాడిందని పోసిన ప్రతి చెంబూ దాన్ని మరికొంత చంపింది.

ఆమె ఆ పూటే ధర్పల్లి బస్సెక్కింది.

వాకిట్లో బియ్యం ఏరుతున్న వసుమతి అత్తను చూసి లేచి నిలబడింది. "కూసోండి అత్తమ్మా."

"కూసునేందుకు రాలే బిడ్డా. మూడోది గూడ సచ్చింది. మూడింటినీ నేనే సంపిన. నీళ్లు బయటికి పోయే తొవ్వ లేక వేళ్లు కుళ్లినయ్. నీ చేతిల ఏ దోషం లేదు. ఇంటికి రా."

వంటింట్లోంచి వసుమతి వదిన గొంతు వినిపించింది. "బాగుంది! గా చెట్టు బతికుంటే మా ఆడిబిడ్డ మీకు యాదికే రాకపోవు."

అంతలో లోపల ఉయ్యాలలో వదిన కొడుకు గుక్కపట్టి ఏడ్చాడు. వసుమతి వెళ్లి ఉయ్యాల తాడు ఊపిందే తప్ప పసివాణ్ణి ఎత్తుకోలేదు.

"గట్ల ఏడుస్తుంటే ఎత్తుకోవేందే?" వెంట వచ్చిన కాంతమ్మ అంది.

"వీడు పుట్టి మూడు నెలలాయె అత్తమ్మా. ఒక్కపారి గూడ ముట్టలే. వదిన ఎత్తుకోమనే అంటది. నాకే భయం. గా మాట అబద్ధమని ఇయ్యాల మీరు చెప్పిన్రు. నా చేతులకు ఎవరు చెప్పాలె?"

క్షమించమని అడగడానికి బస్సులో కూర్చుకున్న మాటలేవీ ఇక్కడ పనికిరావని కాంతమ్మకు అర్థమైంది. ఆమె వంగి పసివాణ్ణి తీసింది. కోడలి చేతుల్లో పెట్టి, వాటి కింద తన చేతులు ఆనించింది.

"జారితే నా చేతులల్లనే పడుతడు. పట్టుకో."

వసుమతి వేళ్లు ఒక్కొక్కటిగా పసివాడి చుట్టూ ముడుచుకున్నాయి. చెంపల మీదుగా జారిన కన్నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పసివాడి ఏడుపు మెల్లగా ఎక్కిళ్లలోకి దిగింది. రోడ్డు మీద ఆర్మూరు బస్సు హారన్ మోగింది.

"మీ బస్సు పోతది అత్తమ్మా."

"పోనీ," అంది కాంతమ్మ, చేతులు తీయకుండా.