లాగౌట్ బొమ్మ

"సార్, మన దగ్గర ఏ ఇంటికి పొగగొట్టం ఉన్నదో జర చూపెట్టుండ్రి."

వచ్చి కూర్చుని పది నిమిషాలైనా కాలేదు, సంధ్యారాణి అడిగేసింది. గోదావరిఖని చౌరస్తాలో, మక్సూద్ చాచా హోటల్ పైనున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు అది. బడుల హాజరు సాఫ్ట్‌వేర్ అమ్మే తమ వెబ్‌సైట్ పాతబడిందని, బొమ్మలన్నీ కొత్తగా గీయించాలని ఆమెను పిలిపించింది ఆ ఆఫీసు చూసుకునే భూపాలే. హోమ్ బటన్ మీది పొగగొట్టం ఇల్లు మొదటి రోజే ఎగిరిపోయింది. దాని బదులు రేకుల క్వార్టర్, ముందర నులక మంచం వచ్చాయి.

"గింత చిన్న బొమ్మల మంచం ఎవలికి కనబడతది?"

"ఇల్లు ఎరుకున్నోళ్లకు కనబడతది."

రెండువేల తొమ్మిది వానాకాలమంతా అలాగే గడిచింది. ఆమె స్క్రీన్ వైపు చూసేది, భూపాల్ ఆమె వైపు చూసేవాడు. ఆమె తల తిప్పగానే కీబోర్డు దుమ్ము దులిపేవాడు. అంత శుభ్రమైన కీబోర్డు ఆ ఊళ్లో ఇంకోటి ఉండదు.

ఆఖరిది లాగౌట్ బొమ్మ. అది పెట్టేసి, ఆ సాయంత్రమే మనసులో మాట చెప్పేయాలనుకున్నాడు. తీరా చూస్తే ఆమె ఒక అరచెయ్యి గీసింది. అందులో బెజ్జం ఉన్న గుండ్రని బిళ్ల.

"ఇదేంది సంధ్యా, గారె గీసినవ్? ఆకలైతందా?" అని నవ్వాడు. నవ్వుతూనే దాన్ని తీసేసి తలుపు బొమ్మ పెట్టాడు.

సంధ్యారాణి నవ్వలేదు. గొడుగైనా తీసుకోకుండా వానలోకి దిగిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు మక్సూద్ చాచా చాయ్ తెచ్చాడు. మొన్న ఎండాకాలం రిటైరయ్యేదాకా ఆయన గని దగ్గర దీపాల రూములో పనిచేశాడు. తీసేసిన అరచేతి బొమ్మను భూపాల్ మళ్లీ తెరిచి చూస్తుంటే, చాచా స్క్రీన్ వైపు చూసి గ్లాసు పక్కన పెట్టాడు.

"గిది మా బిళ్లనే బేటా. నీది బసంత్‌నగర్, సిమెంటు ఫ్యాక్టరీ ఊరు. నీకెట్ల ఎరుకైతది? కార్మికుడు బిళ్ల మాకిచ్చి, దీపం తీసుకొని గనిల దిగుతడు. పైకొచ్చినంక దీపమిచ్చి, బిళ్ల తీసుకొని ఇంటికి పోతడు. మొన్న చలికాలం, షిఫ్టు అయిపోయినంక గూడ సదయ్య బిళ్ల మా గోడ మేకుకే ఉండె. మనిషి పైకి రాలే. గా పిల్ల నాయిన."

భూపాల్ మళ్లీ స్క్రీన్ వైపు తిరిగాడు. గారె అన్నాడు తను. ఆ నోటితోనే ప్రేమ సంగతి చెప్పాలనుకున్నాడు.

బొమ్మను మళ్లీ సైట్‌లో పెట్టి, పెద్దగా ప్రింటు తీసి, సంధ్య వాళ్ల క్వార్టర్‌కు పరుగెత్తాడు. అక్కడ ఆటో ట్రాలీలోకి సామాను ఎక్కుతోంది. క్వార్టర్ ఖాళీ చేసి తల్లీకూతుళ్లు కమాన్‌పూర్‌లో మేనమామ దగ్గరికి పోతున్నారు. అన్నిటికంటే పైన, హోమ్ బొమ్మలోని నులక మంచం.

"తప్పయింది సంధ్యా. నాకు ఎరుకలేదు."

"నేను గూడ చెప్పలే గద. నాయిన ఇంటికి రానేలేదు భూపాల్. బొమ్మలనన్న బిళ్ల చేతికి తీసుకొని రావాలె అని గీసిన."

తల్లి సారవ్వ ఆ కాగితం అందుకుంది. బిళ్లను బొటనవేలితో తడిమి, మడిచి రొంటిన దోపుకుంది. "నువ్వేనా భూపాల్? తిన్నవా బిడ్డా?" అంది.

ఆ మాటతో అతనికి కళ్లనీళ్లు ఆగలేదు. "నువ్వంటే నాకు శానా ఇష్టం సంధ్యా" అనేశాడు. చెప్పాల్సిన చోటు అది కాదని తెలుసు.

"ఎరుకనే. కీబోర్డు గట్ల తుడుస్తే ఎరుక కాదా?" అంది సంధ్యారాణి, చెంపలు తుడుచుకుంటూ. "నాయిన పోయి ఏడాది ఎల్లేదాక మా ఇంట్ల గీ ముచ్చట వద్దు. గప్పటిదాక ఒక్కటి చెయ్యి. రోజూ డ్యూటీ దిగి ఇంటికి పోయినంక, చేరిన అని మెసేజ్ పెట్టు. గది చాలు."

ఆ సాయంత్రం భూపాల్ లాగౌట్ నొక్కి బసంత్‌నగర్ బస్సెక్కాడు. ఇంట్లో చెప్పులైనా విప్పకముందే "చేరిన" అని పంపాడు.

చాలాసేపటికి జవాబొచ్చింది.

"మేం గూడ చేరినం. నాయిన ఫోటో గోడకు పెట్టినం."