వాడని వేరియబుల్

ఆదివారం సాయంత్రం 6:40. శీతల గిడ్డంగి తలుపు తీసేసరికి, గుమ్మానికి జానెడు దూరంలో స్టోర్‌కీపర్ ముడుచుకుని పడి ఉన్నాడు. ప్రాణం లేదు. నుదుటి మీద గాయం. గుప్పిట్లో బీరువా తాళంచెవి. జేబులో రంగు కాగితం చుట్టిన పసుపు జడక్లిప్పు.

పెళ్ళై మూడు నెలలే.

3:10కి బయట తాళం వేసింది అతని బావమరిది, అక్కడే లోడర్. ఆ ఉదయమే ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు.

"లోపల ఎర్ర బటన్ ఉంది. నొక్కితే తాళం ఊడుతుంది. నొక్కలేదంటే స్పృహ లేనట్టే. కొట్టి లోపల పడేశాడు," అన్నాడు మేనేజర్.

బావమరిదిని లాకప్‌లో వేశారు.

"మా ఆయన పోయాడు సార్. తమ్ముడూ పోతే, ఆ ఇంట్లో ఇక నేనొక్కదాన్నే," అంది లోడర్ అక్క, చనిపోయినవాడి భార్య.

ఒక్క కంచం, ఒక్క గ్లాసు ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో ఇన్‌స్పెక్టర్‌కు తెలుసు.

సోమవారం ఉదయం 10:20. గిడ్డంగి.

"బటన్ పరీక్షించావా?"

"తలుపు బోర్డు మార్చినప్పుడు పరీక్షించాను సార్. లైటు వెలిగింది," అన్నాడు ఫిట్టర్.

"తలుపు?"

"అప్పుడు తెరిచే ఉంది సార్."

బటన్ నడుమ రంగు లేచిపోయింది. శవం చేతిలోని తాళంచెవి కొనకు ఎర్ర రంగు. వేళ్ళు కొంకర్లు పోయాక దానితో పొడిచాడన్నమాట.

"తలుపు వెయ్యి. నిమిషం తర్వాత తియ్యి."

ఇన్‌స్పెక్టర్ లోపలి నుంచి నొక్కాడు. లైటు వెలిగింది. తలుపు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. బయట ఫిట్టర్ ఉన్నాడని తెలిసినా మూడోసారి నొక్కాడు.

మంగళవారం 4:00. లాకప్ నుంచి తెచ్చిన లోడర్‌తో సహా అందరూ గిడ్డంగి ఆఫీసులో ఉన్నారు. తలుపు బోర్డుకు కోడ్ రాసే కంపెనీ ప్రోగ్రామర్ కూడా వచ్చింది. వేడి టీ వచ్చింది. ఆమె గ్లాసును రెండు చేతుల్లో పొదువుకుంది, తాగలేదు.

"కొత్త ప్రోగ్రామ్ ఎప్పుడు ఎక్కించారమ్మా?"

"మూడు వారాల క్రితం సార్."

"బటన్ నొక్కితే?"

"లైటు వెలిగిస్తుంది. ఆ సంగతి చదివి వేరియబుల్‌లో, అంటే పేరు పెట్టిన ఒక గడిలో, పెడుతుంది."

"తర్వాత?"

"తలుపు తెరిచే లైను... లేదు సార్. రాస్తున్నాయన సగంలో మానేసి వెళ్ళిపోయాడు."

"ఎవరూ చూడలేదా?"

"కోడ్‌లో తప్పులు పట్టే కంపైలర్ చూసింది. ఈ వేరియబుల్ ఎక్కడా వాడలేదని వార్నింగ్ ఇచ్చింది. ఒక్క వార్నింగ్ ఉన్నా మా దగ్గర బోర్డు బయటికి పోనివ్వరు. అందుకని ఒక లైను రాశాను. వాడినట్టు చూపించే లైను. దాంతో కంపైలర్ ఊరుకుంది."

"ఎందుకు వాడలేదో అడగలేదా?"

"ఎవర్ని సార్? ఆయన వెళ్ళాక మా గదిలో ఉండేది నేనొక్కదాన్నే."

ఇన్‌స్పెక్టర్ మేనేజర్ వైపు తిరిగాడు.

"తలుపు వేసినవాడు లోపలికి కేక వేశాడు. ఫ్యాన్ల హోరులో వినపడలేదు. నుదుటి గాయం పడిపోయినప్పుడు తగిలింది. లోపలివాడు మాత్రం తెలివిలోనే ఉన్నాడు, నొక్కుతూనే ఉన్నాడు. లైటు వెలిగిందని మనమంతా నమ్మాం. లోడర్‌ను వదిలెయ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఆమె జడకు పసుపు క్లిప్పు ఉంది.

గుమ్మం దాటుతూ తమ్ముడు ఆగాడు.

"సార్, బావ చాలాసేపు నొక్కాడా?"

రంగు లేచిన బటన్ ఇన్‌స్పెక్టర్ కళ్ళముందు మెదిలింది. అక్క కూడా ఆయన వైపే చూస్తోంది.

"లేదు బాబూ," అన్నాడు. "తొందరగానే నిద్ర పట్టేసింది."