అరమిల్లీమీటరు సందు

"పిల్లలు ఇప్పుడే కళ్లు మూశారండీ! పైన ఏం రుబ్బుతున్నారు?"

తలుపు తీసేసరికి, కింది వాటాలో పసిపిల్లల బడి నడిపే టీచరమ్మ నడుముకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. మన కుర్రాడేమో తలనిండా రంపపు పొట్టుతో ఉన్నాడు.

"సీఎన్‌సీ మెషీనండీ," అన్నాడు పొట్టు దులుపుకుంటూ, ఆవిడ మీంచి చూపు తిప్పుకోలేక. "కంప్యూటర్లో బొమ్మ గీస్తే చాలు, చెక్కని అదే కోసేస్తుంది. ఇంట్లోనే తయారు చేస్తున్నా. ఇదే మొదటిది."

"అక్షరాలు కోస్తుందా? పలకలో గుంటలుండాలి. ఏ అక్షరాన్ని ఆ గుంటలో పిల్లలే పెట్టాలి."

"భేషుగ్గా!"

"అయితే కొత్త పిల్లలు చేరేలోపు ఇవ్వండి. ఈ చప్పుడు క్షమించేస్తా."

అప్పట్నుంచీ పని ఎంతవరకొచ్చిందో చూడ్డానికి ఆవిడ మెట్లెక్కి రావడం, ఇతగాడు గుండె చిక్కబట్టుకుని తలుపు తీయడం. అక్షరం మాత్రం ఒక్కటీ తెగలేదు. బిగించిందే విప్పుతాడు, విప్పిందే బిగిస్తాడు.

"ఇంకా మిల్లీమీటరులో పదో వంతు తేడా వస్తోందండీ. నూరో వంతుకి తేవాలి."

"దేనికి?"

"దేనికేమిటండీ... కచ్చితం!"

"మీరు కోసేది చెక్కా, వెంట్రుకా? నిన్నటి వానకి మా తలుపే ఉబ్బి పట్టేసింది. ఇక చెక్క మీ నూరో వంతు మాట వింటుందా?"

"అలా గడ్డి పెట్టమ్మా!" వంటింట్లోంచి అతని తల్లి కేకేసింది. "నా మాట వాడి చెవికెక్కదు."

ఎక్కలేదు కూడా. పిల్లలు చేరడానికి రెండ్రోజుల ముందు, వెంట్రుక దూరే సందు కూడా లేకుండా అక్షరాలు కోసి పట్టుకెళ్లాడు. టీచరమ్మ మురిసిపోయి 'అ'ని గుంటలో నొక్కింది. భలేగా కూర్చుంది. తీయబోతే రాలేదు. గోటితో లాగింది, బోర్లించి తట్టింది. ఊహూఁ! ముందు నవ్వొచ్చింది, తర్వాత గోరు విరిగింది.

"వద్దులెండి," అంది మెల్లిగా. "కొట్లో ప్లాస్టిక్‌వి కొనేస్తాను. పాపం, మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను."

కుర్రాడికి గుండెల్లో రాయి పడింది. అక్షరాలు పోతే పోయాయి, ఇక ఆవిడకి ఆ మెట్లెక్కే పనేముంది?

"ఒక్కరోజు ఆగండి! నా మీద ఒట్టు!"

మర్నాడు వానలో, పలకని చొక్కా కింద దాచుకుని దిగాడు. ఆవిడ పసిపిల్లలా కళ్లు మూసుకుని 'ఆ'ని తడుముతూ పెట్టింది. టక్కున కూర్చుంది. బోర్లిస్తే ఒళ్లో పడింది.

"ఎలా కుదిరింది?"

"నూరో వంతు మాట వదిలేసి, పదో వంతు దగ్గరే ఆగిపోయానండీ. పిల్లల చేతులకి అదే ఎక్కువ. అక్షరం చుట్టూ అరమిల్లీమీటరు సందు వదిలాను." అతను పలకని ఆవిడ వైపు జరిపాడు. "మీకు చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. అణువంత తేడా రాకూడదని ఇన్నాళ్లూ సాన పడుతూ కూర్చున్నా."

"సాన చాలు. ఎలా వస్తే అలా చెప్పండి."

"మెట్ల మీద మీ చెప్పుల చప్పుడు వినపడని రోజు నాకు అన్నం సహించదండీ. మీరంటే నాకు ప్రాణమండీ."

ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. ఒళ్లో పడిన అక్షరాన్ని తీసి మళ్లీ గుంటలో పెట్టింది.

"చెప్పింది బాగానే ఉంది. ఒక్క తప్పుంది."

అతని పైప్రాణాలు పైనే పోయాయి. "ఏంటండీ?"

"ఆ 'అండీ'నే. అక్షరాలకి సందు కావాలి గానీ, మనకెందుకు? తీసెయ్."

'తీసెయ్యండి' కాదు, 'తీసెయ్'! విన్నవాడికి ఒళ్లు పులకరించింది.

"అలాగేనండీ!" అన్నాడు వెర్రిబాగులవాడు.

ఆవిడ పకపకా నవ్వింది. ఎప్పట్నుంచి వింటోందో ఏమో, మెట్ల మీద నుంచి అతని తల్లి తొంగి చూసింది.

"వాడికి అంత తొందరగా రాదమ్మా. కోడలివై పైకి వచ్చెయ్, తీరిగ్గా నేర్పుకుందువుగాని!"