పైగదిలో ఫోను ఎత్తిందెవరు?

“ఈ ఫోన్ని ఇక్కడ గుచ్చిందెవరండీ?”

వానకోటు విప్పకుండానే మెట్లెక్కి వచ్చింది నిస్సీ. పలాసలో నెట్‌వర్క్ పనులు చేసే అమ్మాయి.

“నేనేనండీ. కన్నం ఉంది కదాని పెట్టీసేను. పట్టింది కూడాను,” అన్నాడు గుమాస్తా ఢిల్లేశ్వరరావు.

“పడితే సరిపోద్దేటండీ? అది ఇంటర్నెట్ సాకెట్. మా బావ చొక్కా మీకూ పడుద్ది. అంతమాత్రాన మీరు మా బావైపోతారా?”

అయిపోవాలనే ఉందని ఎలా చెప్తాడు?

మందసలో మత్స్యకారుల సంఘం కొత్త బిల్డింగులోకి మారి పదిరోజులైంది. గదిగదికీ నెట్ సాకెట్లు పెట్టించారు గానీ, ఫోను సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. లైను కింద గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకెళ్ళిన మగాళ్ళకి ఇంటి సెల్లు కలవకపోతే ఈ పాత నంబరే దిక్కు. అందుకే ఊళ్ళ ఆడవాళ్ళు రోజూ వచ్చి ఢిల్లేశ్వరరావుని దులిపేస్తున్నారు. అందరికంటే ఎక్కువ దులిపింది అతని కన్నతల్లి సన్యాసమ్మే. పెద్దకొడుకు కృష్ణ ఫోను కోసం ఇవాళ కూడా పైగదిలో కూర్చుంది.

నిస్సీ అతన్ని వెంటబెట్టుకుని కిందికి దిగి, గోడకున్న పెట్టె తెరిచింది. పైగది సాకెట్ నుంచి వచ్చిన కేబుల్‌ని ఇంటర్నెట్ డబ్బాలోంచి పీకి, దాని చివర ఒలిచింది.

“ఎనిమిది తీగలున్నాయి కదండీ?”

“మాట్లాడ్డానికి రెండు చాలు. ఈ నీలం జత.” ఆ రెంటినీ బయటి ఫోను లైనుకి కలిపి, వాటికే ఒక టెస్టు ఫోను తగిలించి అతని చేతికిచ్చింది. “నేను పైన ఫోను పెడతాను. రెండూ ఒకే లైను మీదుంటాయి. మీరు ఒక అంకె నొక్కితే టోను ఆగుద్ది. తర్వాత ఏదో ఒకటి మాట్లాడండి, వినిపిస్తందో లేదో సూస్తాను. ఇదైపోతే రేపట్నించి టెక్కలి కాలేజీలో ఆర్నెల్ల పని.”

ఆర్నెల్లు! నిస్సీ మెట్లెక్కుతుంటే ఢిల్లేశ్వరరావు టెస్టు ఫోను చెవికి ఆనించాడు.

పైన ఎవరో రిసీవరెత్తిన చప్పుడైంది. అంకె నొక్కి, కళ్ళు మూసుకున్నాడు.

“నిస్సీ గారూ, మద్దెలో ఆపకండి, మళ్ళీ నోరు రాదు. మీరు టెక్కలి ఎల్లిపోతే నాకేటీ తోచదు. పోయినవారం ప్రింటరు కేబుల్ పీకీసింది నేనే, మీరొస్తారని. మీకిష్టమైతే మా అమ్మని మీ ఇంటికి తీసుకొస్తాను.”

“తీసుకెల్తావు సరే, మీ యమ్మనడిగేవేటిరా?”

సన్యాసమ్మ గొంతు! నిస్సీ సాకెట్లో ఫోను పెట్టగానే, కృష్ణే అనుకుని రిసీవరు లాక్కుంది ఆవిడ.

ఒక్క అంగలో రెండేసి మెట్లెక్కాడు. నిస్సీ కిటికీలోంచి వాన చూస్తోంది, చెవులు ఎర్రగా. కంగారులో అతను అరిచి చెప్పిన మాటలన్నీ ఫోను లేకుండానే పైకి వినిపించాయి మరి.

“ఏటే పిల్లా, మీది చర్చి ఇల్లా?” అడిగింది సన్యాసమ్మ.

“అవునండి. మా నాన్న సొలొమోను చర్చిలో కీబోర్డు వాయిస్తాడు.”

“మేం గంగమ్మకి మొక్కేవోళ్ళం.”

సన్యాసమ్మ పిల్లని ఎగాదిగా చూసింది.

“ఏటకెల్లినోల కోసం మీరూ పార్దన సేత్తారా?”

“ప్రతి ఆదివారం చేస్తామండి.”

“మరింకేటి? పిల్లలు మంచిగా తిరిగొత్తే సాలు, ఎవరి దండం పంజేసిందని నానడగను.” రిసీవరు పెట్టేసి కొడుకుని చూసింది. “నోరు తెరిసేవు కదా. ఇప్పుడు ఎదురుగా సెప్పు.”

అతను నోరు తెరిచాడు.

నిస్సీయే అందుకుంది. “ఆ ప్రింటరు కేబుల్ మీరే పీకారని ఆ రోజు అడుగు పెట్టగానే తెలిసిందండీ. రెండు నిమిషాల పని అది.”

“మరి మద్దేన్నం దాకా ఉన్నారు కదా?”

“ఉన్నాను కదా,” అంది నిస్సీ. “ఆదివారం ఆరాధన పదకొండుకి అయిపోద్ది. అమ్మని తీసుకురండి. నాన్న ఇంట్లోనే ఉంటాడు.”