అమ్మ ఎక్కితే ఆగే బండి

2091లో పాడేరు ఘాట్ మీద బండి ఎంత జోరుగా పోవాలో తేల్చేది డ్రైవరు కాలు కాదు, లోపల కూర్చున్నవాళ్ల గుండె. యాక్సిలరేటర్ తొక్కడం ఉత్త విన్నపమే. సీటు బట్టలో అల్లిన సన్నటి తీగలు నాడినీ చెమటనీ పసిగట్టి కంట్రోలర్‌కు చెబుతాయి. అందరిలోకీ ఎవరు ఎక్కువ భయపడుతుంటే వాళ్ల మాటే చెల్లుతుంది, ఆ భయం పెరిగేకొద్దీ మోటారుకు కరెంటు తగ్గిపోతుంది. ఈ భయమాపకం వచ్చాక ఒక్క బండీ లోయలో పడలేదు. దాన్ని కనిపెట్టిన సువర్చలను తలుచుకుని దండం పెట్టుకునేవాళ్లున్నారు.

ఆ సువర్చల బండే ఇప్పుడు ఎత్తు మీద పాకుతోంది. వెనక సీట్లో ఆమె ఒడిలో తల పెట్టుకుని కూతురు హంసిని పడుకుని ఉంది. పాము కరిచిన కాలు నల్లగా వాచిపోయింది. మంచు కమ్మేసి మందుల డ్రోన్లు ఎగరడం లేదు. ఆసుపత్రి ఇంకా చాలా పైనుంది.

"తొక్కుతానే ఉన్నాను మేడమ్, లాగడం నేదు!" డ్రైవరు పోలినాయుడు ఏడుపు గొంతుతో అన్నాడు.

బండి ఆపించి సువర్చల మీటరు పెట్టి చూసింది. పెడల్ తొక్కినకొద్దీ వోల్టేజి చక్కగా పెరుగుతోంది. కనెక్టర్లు బిగుతుగానే ఉన్నాయి. అయినా మనసాగక, బండిలో ఉన్న స్పేర్ పెడల్ తీసి మార్చింది.

"థ్రాటిల్‌లో లోపం లేదు," అంది కంట్రోలర్. "బండిలో భయం ఎక్కువగా ఉంది."

"నాదే అయ్యుంటుంది! నా సీటు కొలత ఆపెయ్. నాయుడూ, నీది ఆపడానికి నువ్వూ ఒప్పుకో."

పెద్దవాళ్లిద్దరి కొలతలూ ఆగాయి. బండి మాత్రం కదల్లేదు. పిల్లల కొలత ఎవరూ ఆపకూడదని నియమం పెట్టిందీ, మెకానిక్కులు కొలతను తప్పించే దొంగ జాయింట్లు వేయకుండా కంట్రోలర్‌కు సీలు వేయించిందీ తనే.

'నా చిట్టితల్లి చచ్చిపోతానని బెదిరిపోయింది' అనుకుంటూ, సీలు పగలగొట్టేద్దామని స్పానర్ పట్టుకుని దిగి తలుపేసింది.

మోటారు గుర్రుమంది.

"పికప్పొచ్చీసింది మేడమ్! ఎక్కీండి!"

ఎక్కింది. మోటారు చచ్చింది. దిగింది. మళ్లీ ప్రాణం వచ్చింది.

సువర్చల కిటికీలోకి వంగి అడిగింది. "హంసీ, ఎప్పుడు కరిచిందమ్మా?"

"పొద్దున." పిల్ల పెదవులు సరిగా కదలడం లేదు. "బ్యాటరీల షెడ్డులోకి వెళ్లొద్దన్నావు కదా... చెబితే తిడతావని మేజోడు వేసేసుకున్నా. కొడతావా అమ్మా?"

ఇప్పుడు సాయంత్రం కావస్తోంది.

"అయ్యో, కొట్టనమ్మా. ఒట్టు! నా బంగారం కదూ!"

ఆ మాట అంటూనే ఆమె కంట్రోలర్ తెర వైపు చూసింది. భయం గీత తగ్గలేదు సరికదా, ఇంకాస్త పైకి లేచింది.

సువర్చల కిటికీ వదిలి వెనక్కి జరిగింది. "పోనీ నాయుడూ."

"మరి మీరో?"

"నీకు దండం పెడతాను, పోనీ!"

"భయం తగ్గింది. వేగం పెంచుతున్నాను," లోపల కంట్రోలర్ గొంతు వినిపించింది.

బండి రివ్వున దూసుకుపోయింది. సువర్చల దాని వెనకే పరుగు తీయబోయి, అద్దంలో పిల్లకు కనబడతానేమోనని ఆగిపోయింది.