వెండెల్ విమానంలో మూడో ఊపిరి

శనివారాలు మేమంతా క్లబ్బుకి చేరేది విమానాలు ఎగరెయ్యడానికని ఇళ్ళల్లో చెప్పుకుంటాం. నిజానికి పక్కవాడి విమానం చూసి కడుపు మండించుకోడానికే చేరతాం. నార్త్ డకోటాలో బీట్‌దుంపల పొలాల మధ్య ఒకే ఒక్క రన్‌వే, వరసగా విమానాలు పెట్టుకునే రేకుల హ్యాంగర్లు, ఎప్పుడూ మాడు వాసనేసే కాఫీ గది. అంతే మా క్లబ్బు.

నాకూ ఒక సొంత విమానముంది, కానీ అందరి కళ్ళూ వెండెల్ విమానం మీదే ఉండేవి. ఎవరి కొట్టంలోనో కోళ్ళు కాపురముంటున్న నాలుగు సీట్ల పాత బండిని తెచ్చి, ఏళ్ళ తరబడి సొంత చేతుల్తో బాగుచేసి, చెర్రీపండు రంగు వేశాడు. ఎవరైనా వేలు పెడితే ఆ చోటు చొక్కా చేతితో తుడిచేసేవాడు. ఇన్నేళ్ళ స్నేహితుణ్ణి, నన్ను కూడా ఒక్కసారైనా నడపనివ్వలేదు.

"నీ పెళ్ళాన్ని నాకు అరువిస్తావా, లైల్?" అనేవాడు నవ్వకుండా.

మొన్న ఎండాకాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆ విమానం ఇక నాకే వస్తుందనుకున్నాను. వాళ్ళావిడ ఆర్లిస్ దాన్ని ట్రాక్టర్ల షాపు డెన్నీకి అమ్మేసింది.

"నన్నొక్క మాట అడగాల్సింది కదా, ఆర్లిస్?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూడలేదు. "ఎవరికైనా అమ్ము, లైల్‌కి మాత్రం వద్దన్నాడు. వాడు దాన్ని చూసే చూపు నాకు తెలుసన్నాడు."

ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. డెన్నీ మంచివాడు. అదే ఇంకా మంట. నవంబర్‌లో ఒక సాయంత్రం, పొద్దు వాలుతుండగా, భుజం మీద చరిచాడు.

"రారా లైల్, ఒక చుట్టు చుట్టొద్దాం. అలా మొహం పెడితే కాఫీలో పాలు విరిగిపోతాయి!"

వెళ్ళాను. వద్దనగలిగిన వాణ్ణి కాదు.

విమానం తేలిగ్గా లేచింది. కింద మంచు రాలిన పొలాలు నీలంగా మారుతున్నాయి. ఇంజను చప్పుడు ఎంత సాఫీగా ఉందంటే, నాకు ఏడుపొచ్చింది. డెన్నీ చేతులు లావుగా, మొరటుగా స్టీరింగ్ పిడి మీద. ఆ చేతుల్ని చూస్తూ కూర్చున్నాను.

అప్పుడొచ్చింది వాసన. ఆసుపత్రి గదిలో ఉండే వాసన... మందులు, చెమట, మాసిన దుప్పటి.

హెడ్‌సెట్‌లో ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నారు.

"మైకు మూతి మీద పెట్టుకోకు, డెన్నీ. నీ ఊపిరంతా నా చెవిలోనే ఉంది."

"నాదా? నీదనుకున్నానే..."

ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

ఊపిరి ఆగలేదు. లోపలికి... బయటికి... గురగురమంటూ.

వెనక్కి తిరిగి చూశాను. వెనక సీట్లో డెన్నీ కోటు తప్ప ఏమీ లేదు.

"లైల్..." అన్నాడు డెన్నీ గుసగుసగా, "ఎవరో నా సీటు లాగుతు—"

సీటు పట్టాల మీద సర్రున వెనక్కి జారిపోయింది. పిడిని వదలక దానితో పాటే లాగేశాడు. విమానం ముక్కు నిట్టనిలువుగా లేచింది. వేగం చాలటం లేదని హారన్ కీచుమంది. డెన్నీ చేతులు జారాయి. కాళ్ళు అందక కొట్టుకుంటున్నాయి.

నా సీటు ముందున్న రెండో పిడి పట్టుకుని బలంగా ముందుకి తోశాను. ముక్కు దిగింది. హారన్ ఆగింది.

అంత భయంలోనూ నాకు సంతోషం వేసింది. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, సంతోషం. ఇది ఇప్పుడు నా చేతుల్లో ఉంది... నా చేతుల్లో...

ఊపిరి నా చెవి దగ్గరికి జరిగింది.

"నువ్వు కూడానా... లైల్?"

పిడి నా చేతుల్లో బిగుసుకుపోయింది. అవతలి నుంచి ఎవరో పట్టుకున్నారు. ముక్కు ఇంకా దిగుతోంది. పొలాలు పైకి వస్తున్నాయి. కరెంటు తీగలు... కంచె... కంచె మీద మంచు...

"వద్దు! నాకొద్దు, వెండెల్!" అని అరిచాను. "నీదే! నాకు నా విమానముంది. నాకు నాది చాలు!"

పిడి ఒక్కసారిగా తేలికైపోయింది.

ఎలా దింపానో తెలీదు. డెన్నీ దిగి, చక్రం పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు. ఆ వారంలోనే విమానాన్ని ఎవరో మోంటానా ఆయనకి అమ్మేశాడు. రెక్కలు విప్పి, లారీకెక్కించుకుని పోయారు. లారీ కనుమరుగయ్యేదాకా చూశాను. మొదటిసారి నాకు ఏ కుళ్ళూ అనిపించలేదు.

డిసెంబర్‌లో, చలి పట్టి ఇనుము ముట్టుకుంటే తోలు అంటుకుపోయే రోజున, నా విమానం చూసుకుందామని వెళ్ళాను. మంచు కురిశాక నా హ్యాంగర్ తలుపు మొదట తీసింది నేనే. తలుపు ముందు తెల్లగా, చెక్కుచెదరకుండా పేరుకున్న కుప్పని పారతో తీసుకుంటూ లోపలికి పోయాను. బ్యాటరీ ఎప్పుడో విప్పి ఇంటికి తీసుకుపోయాను. లోపల నా నోటి ఆవిరి తప్ప ఏదీ కదలటం లేదు.

సీట్లో కూర్చున్నాను. హెడ్‌సెట్ తీసి తలకి పెట్టుకున్నాను.

చెవుల దగ్గరి మెత్తలు వెచ్చగా ఉన్నాయి.