సానుపు చల్లిన సిమెంటు అరుగు

ఆగండి, ఆగండి! ఆ అరుగు మీద కాలు పెట్టకండి, ఇంకా పచ్చిగానే ఉంది. కాసేపు ఇలా గోడ పక్కన నిలబడి సంగతంతా వినండి. విన్నాక మిమ్మల్ని ఒకటి అడగాలి.

ఉప్పుగూడలో పాల పెంటయ్య ఇల్లు తెలియనివాళ్ళు లేరు. వానాకాలమొస్తే బర్రెలు తొక్కి తొక్కి గుమ్మం ముందంతా బురదే. పాలకొచ్చినవాళ్ళు చెంబులతో సహా జారిపడేవారు. పట్నంలో పడుతున్న సిమెంటు రోడ్లు చూసి చూసి పెంటయ్యకూ ఆశ పుట్టింది. తన గుమ్మం ముందు సిమెంటు అరుగు కావాలి, అంతే! ఆ రోడ్ల పనిలోనే పని నేర్చుకున్న కొండల్‌ని పిలిపించాడు.

కొండల్ సొంతంగా పట్టిన మొదటి పని అది. అరుగు నిలబడితే గల్లీలో మిగతా గుమ్మాల పనులూ అతనివే. చెడిందా, మళ్ళీ రోడ్డు మీద కంకర తట్టలు మోయాల్సిందే.

పెంటయ్య కూతురు ఆండాలు గడపలో నిలబడి వేళాకోళం మొదలుపెట్టింది.

"ఏందది, అంబలి కలుపుతున్నవా?"

"అంబలి గాదు, కాంక్రీట్. రేపటికి రాయైతది."

"రాయే గావాల్నంటే రాయే తెస్తే అయిపోతుండె గద!"

"తెస్తుంటి. గని గింతసేపు నీ ముంగట కూసునుడు ఎట్ల కుదుర్తుండె?"

ఆండాలు చటుక్కున లోపలికి పోయింది. పోయి, తలుపు సందులోంచి చూసింది. తాపీతో నున్నగా రుద్దుతూ, తలెత్తకుండానే నవ్వుతున్నాడు. దొంగ!

పొద్దు వాలేసరికి అరుగు అద్దంలా తయారైంది. "ఫస్ట్ క్లాస్! రేపటి దాంక ఎవ్వరు తొక్కొద్దు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆండాలు తొక్కలేదు. కానీ దీపాలు పెట్టే వేళయింది. చిన్నప్పటి నుంచీ ఆ వేళకు వాకిట్లో పేడనీళ్ళ సానుపు చల్లి ఊడ్వడం ఆమె పని. ఆ నవ్వే తలుచుకుంటూ బకెట్ ఎత్తి గుమ్మం ముందు దబదబా చల్లేసింది. పొరక అందుకుని బరబరా ఊడ్చేసింది. పొరకతో పాటు అరుగూ లేచొచ్చింది!

అయ్యో అంటూ కూర్చుని అరచేత్తో సర్దబోయింది. ఇంకా పాడైంది. లేచి ఇంట్లోకి పరుగు తీసింది. సంగతి ఎవరికీ చెప్పలేదు.

తెల్లారి చెంబులతో గల్లీ అంతా అక్కడే ఉంది.

"గిదేందిరా కొండల్? అద్దమంటివి, సంత్రాపండు తొక్క లెక్కుంది! సిమెంట్ పోసినవా, బూడిద పోసినవా?" అని గద్దించాడు పెంటయ్య.

కొండల్ వంగి చూశాడు. సిమెంటులో పేడగడ్డి పోచలున్నాయి. అంచున సన్నటి ఐదు వేళ్ళ గుర్తుంది. ఒక్కసారి తలుపు వైపు చూశాడు. తర్వాత తాపీ మొనతో గీకి ఆ గుర్తును చెరిపేశాడు.

"నా తప్పే మామా. నీళ్ళెక్కువైనయ్. మల్ల పోస్త."

"నేను గూడ గీనకే పని చెప్దామనుకున్న, బతికిపోయిన!" అంది పక్కింటి ఎల్లమ్మ. అందరూ గొల్లుమన్నారు. తలుపు వెనక ఆండాలుకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

పాత అరుగు మీద గడ్డపార పడిన ప్రతిసారీ ఆమె గుండెలో పడినట్టే ఉంది. మధ్యాహ్నం చల్ల చెంబు పట్టుకుని వచ్చింది.

"ఎందుకు చెప్పలే? నా చెయ్యి చూసినవ్ గద."

"చూసిన. మంచిగుంది చెయ్యి."

"నవ్వకు! సిగ్గుతోని పాణం పోతుంది నాకు."

కొండల్ నవ్వు ఆపాడు. "నాకు గూడ సిగ్గైంది ఆండాలూ. గల్లీ అంత నవ్వె. గని నిన్ను జూసి నవ్వుతే ఇంక ఎక్కువైతుండె."

ఆండాలు చల్ల చెంబు అతని పక్కన పెట్టి లోపలికి పోయింది.

తవ్వి మళ్ళీ పోయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఇదిగో, ఈ సాయంత్రం కొత్త అరుగు పూర్తయింది. పాలకొచ్చినవాళ్ళంతా మళ్ళీ మూగారు. "ఈసారన్న నిలుస్తదా?" అని ఎవరో అన్నారో లేదో, ఆండాలు పక్క దారిన బయటికొచ్చి అందరి మధ్యా నిలబడింది.

"బాపూ, మొన్న కొండల్‌ది తప్పు గాదు. నేనే సానుపు చల్లి ఊడ్చిన. చెప్పనీకి సిగ్గైంది."

పెంటయ్య నోరు తెరిచాడు. "సిమెంట్ మీద సానుపా! మనసుల ఏం సోంచాయించుకుంట చల్లినవ్ బిడ్డా?"

ఆండాలు చెవులు ఎర్రబడ్డాయి. కొండల్ చేతిలోంచి తాపీ జారి కింద పడింది. పెంటయ్య ఈమెనూ అతన్నీ మార్చి మార్చి చూశాడు.

"గిప్పుడు సమజైందా పెంటన్నా?" అంది ఎల్లమ్మ.

పెంటయ్య గొంతు సవరించుకున్నాడు. "కొండల్, మీ బాపును రేపు ఒకసారి రమ్మను. మాట్లాడేదుంది." అని గబగబా బర్రెల కొట్టంలోకి నడిచాడు.

కొండల్ మెల్లగా అరుగు మూల చూపించాడు. అక్కడ కొంచెం చోటు ఇంకా మెత్తగా ఉంది.

"మొన్న నీ చెయ్యి గుర్తు నేనే చెరిపిన. ఈడ మల్ల పెట్టు. జల్దీ, గట్టిపడ్తది."

పెడితే రోజూ పాలకొచ్చే ప్రతివాళ్ళకూ అది కనిపిస్తుంది. జన్మంతా వేళాకోళమే. పెట్టకపోతే, సిగ్గుపడి అతన్ని వదిలేయడం ఇది రెండోసారి అవుతుంది. చెంబులు పట్టుకుని గల్లీ అంతా చూస్తోంది. ఆండాలు వంగింది, చెయ్యి గాలిలోనే ఉంది, సిమెంటేమో ఆగదు.

చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?